పది అని రాసి ఉన్న ప్లేట్లు

5 ఆగస్టు 2015, బుధవారం

ఈ నోటుపుస్తకం ఆగస్టు నుంచి వ్యాయామశాల లెక్కలు రాయడానికి తెచ్చినది. రెండు వందల పేజీలు. మొదటి పది పేజీలకు గీతలు కూడా గీసి ఉంచాను: తేదీ, పేరు, స్నాచ్, జర్క్, ఒంటి బరువు. ఇప్పుడు అంకెలు చెప్పే మనిషి లేరు. గడుల్లో పట్టనివి కొన్ని నా దగ్గర ఉన్నాయి. ఎవరికీ చెప్పలేనివి. అందుకని గీతలు లేని పేజీ నుంచి మొదలుపెడుతున్నాను.

నరసింగరావు మాస్టారు సోమవారం పోయారు. నాలుగున్నరకు ఎప్పటిలాగే వ్యాయామశాల తలుపు తీశారు. అయిదూ ఇరవైకి షాలిని వెళ్ళేసరికి గోడవారన బల్ల మీద కూర్చుని ఉన్నారు. "కునుకు పట్టిందనుకున్నాను మామ్మా. చప్పుడు చెయ్యకుండా నేనే ఊడ్చేశాను" అంది. ఊడవడం అయ్యాక గానీ తెలియలేదు పిల్లకి. గుండె ఆగిందన్నారు. ఆయనకు అరవై ఎనిమిది. నాకంటే మూడేళ్ళు చిన్న.

షాలినిని పదేళ్ళప్పుడు ఆయన చేతిలో పెట్టాను. ఇప్పుడు దానికి పదహారు. ఈ ఆరేళ్ళూ నా కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతుంటే, దాని ఉదయాలు ఆయనవి, సాయంత్రాలు నావి.

పాడె మోయడానికి శిష్యులు పోటీపడ్డారు. పోలీసులో ఉన్నవాళ్ళు, సైన్యంలో ఉన్నవాళ్ళు, రైల్వేలో ఉన్నవాళ్ళు, అందరూ ఆయన చేతికింద బరువులెత్తి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళే. మాస్టారి ఇంటి గుమ్మంలో షాలిని అంది, అందరూ వినేలా: "నేనింక రాడ్డు ముట్టను."

అప్పుడు నేను అన్నాను. "మాస్టారు ఆఖరుసారి నాతో మాట్లాడినప్పుడు నిన్ను ముప్పయ్యో తేదీ పోటీకి పంపమన్నారు. ఆయన మాట పోగొట్టకు."

శ్రీకాకుళంలో రాష్ట్ర జూనియర్ పోటీ. స్నాచ్ (ఒక్క ఊపున తలమీదికి), జర్క్ (ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి పైకి) రెండూ కలిపి నూట ఇరవై కిలోలు ఎత్తితే రాష్ట్ర శిబిరానికి తీసుకుంటారు. నా పుస్తకం ప్రకారం షాలినికి స్నాచ్ యాభై అయిదు, జర్క్ డెబ్బై. నూట ఇరవై అయిదు. సందేహానికి తావు లేదు.

పిల్ల ఏడుపు ఆపింది. అవసరమైన మాట అవసరమైన సమయానికి చెప్పాను.

6 ఆగస్టు, గురువారం

షాలిని 5.10కి లేచింది. వెళ్ళింది. చాలు.

8 ఆగస్టు, శనివారం

వ్యాయామశాలను మోహనకృష్ణ చూస్తానన్నాడు. శిష్యుల్లో పెద్దవాడు, ముప్పై నాలుగేళ్ళు, విజయనగరం పోలీసు స్టేషనులో ఉద్యోగం. డ్యూటీకి ముందు రెండు గంటలు వస్తాడు.

పద్ధతులేవీ మార్చవద్దని చెప్పాను. ముఖ్యంగా గోడ పద్ధతి. రాడ్డుకు ప్లేట్లు ఎక్కిస్తున్నంతసేపూ ఎత్తేవాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలి. ప్లేట్ల మీది అంకెలు ఎత్తేవాళ్ళకు కనిపించకుండా బయటివైపుకు ఉండాలి. ఎంత బరువో చూడకూడదు, అడగకూడదు. ఎత్తి దింపాక మాస్టారు నాకు చెబుతారు, నేను రాస్తాను, ఆదివారం సాయంత్రం పిల్లలందరికీ చదివి వినిపిస్తాను. "ముందే సూసినోడు కళ్ళతో ఎత్తుతాడు టీచరమ్మా. కళ్ళకి బలం నేదు" అనేవారు.

మొదట్లో వాళ్ళు తిరిగి నిలబడే గోడ వేరు, దాని మీద ఆంజనేయస్వామి పటం ఉంది. షాలిని చేరిన రోజున, మా పిల్ల ప్రార్థన చేసుకునే కుటుంబం నుంచి వచ్చింది, పటానికి ఎదురుగా నిలబడదు అని ఖచ్చితంగా చెప్పాను. ఆయన సరేనని కూడా అనలేదు. నాలుగు రోజుల తర్వాత వెళ్ళి చూస్తే, బరువులెత్తే చెక్కల అరుగు మొత్తం ఊడదీసి ఎదురుగోడ దగ్గర వేయించి ఉంది. ఆ గోడకు కొత్త సున్నం. పటం ఉన్నచోటే ఉంది. ఎవరి దేవుడూ కదలలేదు.

ఆ వారమే నన్ను ప్లేట్ల మీద అంకెలు వేసిపెట్టమన్నారు. పాతవి చెరిగిపోయాయట. ఆయన చదివింది మూడో తరగతి. "మీ అంకె సూత్తే ఎవుడైనా నమ్ముతాడు" అన్నారు. తెల్ల రంగుతో నేనే వేశాను: 15, 10, 10, 5. స్కూల్లో ముప్పై మూడేళ్ళు బోర్డు మీద లెక్కలు రాసిన చెయ్యి. ఇప్పటికీ ఒక్క అంకె చెరగలేదు.

షాలిని బరువు 48.3. పోటీ నలభై ఎనిమిది కిలోల విభాగంలో, మూడు వందల గ్రాములు తగ్గాలి.

10 ఆగస్టు, సోమవారం

జర్క్ 70. మూడుసార్లూ పడేసింది. భుజాల దాకా వచ్చింది, పైకి పోలేదు.

రాత్రి సరిగ్గా తినలేదు. అదే కారణం.

11 ఆగస్టు, మంగళవారం

జర్క్ 70. మొదటిసారికే లేపింది. నేనన్నది నిజమే, తిండి. రాగి సంకటి, రెండు గుడ్లు, పెరుగు.

13 ఆగస్టు, గురువారం

మాస్టారి పదకొండో రోజు. వాళ్ళ ఆచారాల్లో నాకు చోటు లేదు, అయినా వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను. షాలిని వడ్డించడానికి లోపలికి పోయింది.

లక్ష్మీనరసమ్మ నా దగ్గరికి వచ్చి చాప మీద కూర్చుంది. మాస్టారి భార్య. గొంతు పెద్దది. వ్యాయామశాలలో పిల్లలు అల్లరి చేస్తే ఇంట్లోంచే కేకేసేది.

"ఆ లక్ష్మివారం మీరిద్దరూ ఏటనుకున్నారు టీచరమ్మా?"

"ఏ గురువారం?"

"పోయే ముందటి లక్ష్మివారం. మీకాడ నుంచొచ్చి కంచం ముందు కూకున్నాడు. ముద్ద కలిపినాడు. నేచిపోనాడు. నేనేటి సేసినానో అనుకున్నాను."

షాలిని అన్నం గిన్నెతో గుమ్మంలో ఆగింది. మోహనకృష్ణ కూడా చూస్తున్నాడు.

"పోటీ గురించి మాట్లాడుకున్నాం. షాలినిని పంపమన్నారు" అన్నాను.

లక్ష్మీనరసమ్మ నన్ను చూసింది. "అలగా" అంది. లేచి వెళ్ళిపోయింది.

14 ఆగస్టు, శుక్రవారం

జూలై 30 గురించి రాయడానికేమీ లేదు.

17 ఆగస్టు, సోమవారం

స్నాచ్ 55. రెండుసార్లు పోయింది. మూడోసారి రాడ్డు తలమీద ఆగి, వెనక్కి జారింది. కుడి మణికట్టు తిరిగింది. అరిచింది.

మెర్సీ, నా కోడలు, డ్యూటీ నుంచి వచ్చి చూసి కట్టు కట్టింది. ఆసుపత్రిలో రోజంతా కట్టే చెయ్యి కనుక చకచకా కట్టింది. అయిపోయాక అంది: "విరగలేదు. నరం పట్టింది. రెండు రోజులు ఆగాలి. అత్తయ్యా, మాస్టారుంటే పిల్లని ఇలా తోయనిచ్చేవారా?"

నేను చెప్పాల్సిన జవాబు షాలిని చెప్పింది. "మాస్టారే కదమ్మా వెళ్ళమన్నారు. ఆయనకి తెలీదా నేనెంత ఎత్తగలనో? నాలోనే ఏదో అయింది."

గోడవైపు తిరిగి పడుకుంది. ఇంట్లో కూడా గోడవైపే.

18 ఆగస్టు, మంగళవారం

పిల్ల ఇంట్లో ఉంది. నేను కూర్చుని వారం రోజుల లెక్క చూశాను. పుస్తకం ఎప్పుడూ ఇలా లేదు. ఆరేళ్ళలో షాలిని అంకె మెట్లెక్కినట్టు ఎక్కింది. కిలో, కిలోన్నర, ఆగడం, మళ్ళీ కిలో. ఇప్పుడు ఒక రోజు ఎత్తుతుంది, ఒక రోజు అదే బరువు చేతకాదు. సోమవారం పోయింది. మంగళవారం ఎత్తింది. శుక్రవారం పోయింది. శనివారం ఎత్తింది. సోమవారం పోయింది.

తిండి కాదు. తిండి కూడా రాసుకున్నాను. పోయిన శుక్రవారం బాగా తింది.

దుఃఖం అయితే రోజు విడిచి రోజు రాదు.

శుక్రవారం నాడు ఒకటి చూశాను, అప్పుడు పట్టించుకోలేదు. పిల్ల ఎత్తలేకపోయాక, అది గోడవైపు తిరిగి ఉండగా మోహనకృష్ణ రాడ్డు నుంచి పది కిలోల ప్లేట్లు రెండూ తీసి, బల్లకింద ఉన్న ఇంకో పది జత ఎక్కించాడు. మళ్ళీ ఏమనుకున్నాడో అదీ తీసేసి ఆ రోజుకు ఆపేయించాడు. పది తీసి పది ఎక్కించడం ఏమిటి?

19 ఆగస్టు, బుధవారం

ఉదయం ఆరింటికి వెళ్ళాను. మోహనకృష్ణ ఒక్కడే ఉన్నాడు. పది ప్లేట్లు నాలుగూ ఆటోలో వేయమన్నాను.

"ఎక్కడికి టీచరమ్మా?"

"సూరయ్య మిల్లుకి. కాటాకి."

వాడి ముఖం చూస్తే, పరీక్షలో చీటీ దొరికిన పిల్లాడు గుర్తొచ్చాడు. "కాటా ఎందుకండీ. అయి అరిగిపోనాయి, పాతవి కదా..."

"అరిగితే ఎంత అరిగాయో తెలుస్తుంది. ఎక్కించు."

సూరయ్య బియ్యం బస్తాలు తూచే కాటా తుడిచిపెట్టాడు. "ఏటి టీచరమ్మా, ఇనప బియ్యం ఆడిత్తారేటి?" అని నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపాడు.

10.0. 10.0. 8.5. 8.5.

నాలుగింటి మీదా నా చేతిరాతే. పది, పది, పది, పది.

తేలిక జతను తిరగేసి చూశాను. వెనకవైపు లేతు మిషను మీద పెట్టి లోపలికి తొలిపించి ఉంది. నున్నగా ఉంది. పైన నల్లరంగు. రెండింటికీ సరిగ్గా ఒకే లోతు. అంకెలు రాని మనిషి వంద గ్రాముల తేడా లేకుండా చేయించాడు.

ఆటోలో తిరిగొస్తూ మోహనకృష్ణ చెప్పాడు.

"మా అందరికీ అలగే సేసినారు టీచరమ్మా. ఎవుడైనా ఒక అంకె కాడ ఆగిపోతే ఆ జత పెట్టీవోరు. మా రోజుల్లో ఆయనే నోటితో పెద్దంకె సెప్పీవోరు, ఇప్పుడు మీ పుస్తకంలో పడతాది. ఆదివారం మీరు సదువుతారు. 'ఓస్, నాను ఎత్తీసినాను' అని పిల్లగుంటకి నమ్మకం వత్తాది. ఎత్తీసినానని తెలిస్తే ఒళ్ళు నమ్మేస్తాది. నెలో, రెండు నెలలో పోయినాక ఒక రోజు సప్పుడు సెయ్యకుండా అసలు జత పెట్టీవోరు. ఎత్తీసీవోళ్ళం. ఎప్పుడు పెట్టినారో మాకే తెలీదు. నాకు పదేళ్ళ తర్వాత సెప్పినారు."

"షాలినికి?"

"సంక్రాంతికాడ నుంచీ తేలిక జతే నడస్తన్నాది. యాభై అయిదుకీ డెబ్బైకీ. ఇంకా మార్చనేదు."

"మరి నువ్వెందుకు మార్చావు?"

వాడు నావైపు తిరిగాడు. "మాస్టారు పోటీకి పంపమన్నారన్నారు కదండీ మీరు. పంపమన్నారంటే గుంట తయారైపోనాదనే కదా. ఇంక అసలు జత పెట్టీమనే కదా. పెట్టినాను. ఎత్తలేకపోతే భయమేసి మళ్ళీ తేలికది పెట్టినాను. ఆయనైతే మొకం సూసి సెప్పీవోరు, ఇయాల మార్చొచ్చు, ఇయాల వద్దు అని. నాకు తెలీదు టీచరమ్మా. మీ మాట పట్టుకుని సేసినాను."

మణికట్టు తిరగడం నా మాట వల్ల.

లెక్క: 55 కాదు, 52. 70 కాదు, 67. మొత్తం 119. కావలసింది 120.

20 ఆగస్టు, గురువారం

పదకొండు నోటుపుస్తకాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఏ రోజు ఏ జతో ఇందులో లేదు. సంక్రాంతి నుంచి ఇది తప్పు అని తెలుసు. అంతకు ముందు? ఏ పిల్లవాడికి ఏ నెల? ఒక్క దిద్దుబాటు లేకుండా రాసుకున్నానని ఎంత మందికి చూపించాను. జిల్లా అధికారి వచ్చినప్పుడు కూడా చూపించాను. మాస్టారు పక్కన నిలబడి తల ఊపారు.

ఆయనకు కావలసింది లెక్క కాదు. లెక్కలాగా కనిపించే చేతిరాత. నన్ను ఆరేళ్ళు వాడుకున్నారు. ఈ వాక్యం రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. కోపం ఉన్నప్పుడు కోపమే రాయాలి.

21 ఆగస్టు, శుక్రవారం

జూలై 30.

సాయంత్రం మా వరండాలో. నేను పోటీ దరఖాస్తు ముందు పెట్టాను, సంతకానికి. ఆయన సంతకం పెట్టలేదు. "ఈ ఏడు ఆగుదాం టీచరమ్మా" అన్నారు.

నేను పుస్తకం తెరిచి చూపించాను. యాభై అయిదు. డెబ్బై. నూట ఇరవై అయిదు.

"పుస్తకం మీది. గుంట నాది. ఆగుదాం" అన్నారు. మళ్ళీ అడిగాను, ఎందుకు ఆగాలి, కారణం చెప్పమన్నాను. ఆయన పుస్తకం వైపు చూశారు, నావైపు చూశారు, ఏదో చెప్పబోయి ఆగిపోయారు. ఇప్పుడు తెలుసు ఏం చెప్పబోయారో. చెబితే నేను ఊరుకోనని ఆయనకు తెలుసు. ఆ రాత్రే పుస్తకమంతా దిద్దేదాన్ని. ఆదివారం పిల్లలందరికీ చదివేదాన్ని.

నాకు డెబ్బై ఒకటి. షాలిని రాష్ట్ర శిబిరానికి పోవడం నేను చూడాలని ఉంది. అది ఆయనకు చెప్పలేదు. దానికి బదులు ఇది అన్నాను:

"అంకెలు రానివాళ్ళతో లెక్క మాట్లాడటం నా తప్పు."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. గేటు వేయడం మరిచిపోలేదు. గొళ్ళెం కూడా పెట్టారు.

మూడు రోజులు నేను వ్యాయామశాలకు పోలేదు. నా కుర్చీ ఖాళీగా ఉంది. గడులు ఖాళీగా ఉన్నాయి. ఆయన కబురు పంపుతారని చూశాను. నాలుగో రోజు కబురు షాలిని తెచ్చింది.

దరఖాస్తు మీద సంతకం ఆయన పోయాక మోహనకృష్ణ చేత పెట్టించాను.

22 ఆగస్టు, శనివారం

చెప్పకుండా ఉండవచ్చు. మొదటి ప్రయత్నం తక్కువ పెట్టి, షాలినికి ఏమీ చెప్పకుండా తీసుకుపోవచ్చు. పైన రాసిన మొదటి వాక్యం రెండుసార్లు చదివాను. కొట్టేస్తున్నాను.

~~చెప్పకుండా ఉండవచ్చు.~~

23 ఆగస్టు, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక, అన్నం తినకముందే చెప్పాను. తిన్నాక అయితే వాయిదా వేస్తానని.

ప్లేట్ల సంగతి ముందు చెప్పాను. షాలిని అడ్డు రాకుండా విన్నది.

"అంటే నేను డెబ్బై ఎత్తలేదా?"

"అరవై ఏడు."

"యాభై అయిదు?"

"యాభై రెండు."

కూడిక నాకంటే ముందు అయిపోయింది దానికి. "నూట పంతొమ్మిది" అంది. "ఒక్క కేజీ." తర్వాత చిన్నగా నవ్వినట్టు నవ్వి, "అయితే నాకేం అవలేదన్నమాట. చెయ్యి బాగానే ఉన్నాది. ప్లేటే మారింది" అంది.

"అవును."

"మాస్టారికి తెలుసు కదా. మరి తెలిసీ పంపమన్నారెందుకు?"

ఇక్కడ నేను నీళ్ళు తాగాను. గ్లాసు కింద పెట్టాను.

"పంపమనలేదు. ఆగమన్నారు. నేను వినలేదు. మాటా మాటా అనుకున్నాం. ఆయనను అనకూడని మాట అన్నాను. తర్వాత మేం మాట్లాడుకోలేదు. గుమ్మంలో నీకు చెప్పింది నేను కల్పించింది."

షాలిని నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వా? నువ్వు అబద్ధమాడినావా? ఆరో తరగతిలో అర మార్కు దిద్దుకున్నానని నాచేత వందసార్లు రాయించినావు కదా మామ్మా. 'దిద్దిన అంకె దొంగ అంకె' అని. వందసార్లు. ఇక్కడే, ఈ బల్ల మీద."

"రాయించాను."

"ఆయన సచ్చిపోయి ఉన్నారు అప్పుడు. లోపల పడుకోబెట్టి ఉన్నారు. నువ్వు ఆయన మాటంటూ నాకు సెప్పినావు."

కోపం వస్తే దానికి మా ఊరి భాష వచ్చేస్తుంది. మామూలుగా అయితే సరిదిద్దుతాను.

అన్నం అలాగే ఉంది. మెర్సీ ఎవర్నీ తినమనలేదు.

24 ఆగస్టు, సోమవారం

వెళ్ళలేదు. నాతో మాట్లాడలేదు.

25 ఆగస్టు, మంగళవారం

వెళ్ళలేదు. బరువు 48.1. కాటా మీద తనే ఎక్కింది, తనే చీటీ రాసి నా బల్ల మీద పెట్టింది. మాట లేదు. చీటీ మాత్రం ఉంది.

26 ఆగస్టు, బుధవారం

లక్ష్మీనరసమ్మ ఇంటికి వెళ్ళాను. చింతపండు గింజలు తీస్తోంది. పీట వేసింది. నేను జూలై 30 మొత్తం చెప్పాను, ఆ ఒక్క వాక్యంతో సహా. వింటూ గింజలు తీస్తూనే ఉంది.

"నాకు తెలుసు టీచరమ్మా" అంది.

"ఏం తెలుసు?"

"ఆ రేతిరే సెప్పినాడు. 'ఆగుదామంటే ఇన్నాది కాదు. అంకెలు రావన్నాది. నిజవే కదే, నాకు రావు' అన్నాడు."

"మరి పదకొండో రోజున తెలియనట్టు అడిగావెందుకు?"

"మీరేటంతారో సూద్దారని."

ఒక గింజ దూరంగా పడింది. వంగి తీసింది.

"నలుగురిలో మీ మొకం మీద సెప్పీదాన్ని. గుంట అన్నం గిన్నెట్టుకుని నిలబడ్డాది. దాని సేతులు సూసినాను. ఒగ్గీసినాను. అందుకని క్షమించీసినాననుకోకండి. ఆ ముద్ద కంచంలో ఎండిపోయి ఉన్నాది, పొద్దున్న నేనే తీసినాను."

"అనుకోను" అన్నాను.

ఇంకో కాయ అందుకుని అంది: "మీ గుంట నిన్నొచ్చినాది. ఇక్కడే కూకున్నాది. మాస్టారు నన్ను మోసం సేసినారా మామ్మా అని అడిగినాది. నానేటన్నానో తెలుసా? పిల్లకి నడక నేర్పినప్పుడు ఏలు పట్టుకుంటాం. ఏలు ఒగ్గీసిన సంగతి పిల్లకి సెప్తామేటి? సెప్తే పడిపోద్ది. ఆయన ఏలు ఇంకా ఒగ్గనేదు, అంతే. ఒగ్గకుండానే ఎలిపోనాడు."

లేచేటప్పుడు గేటు దాకా వచ్చింది. గొళ్ళెం నేను పెట్టాను.

27 ఆగస్టు, గురువారం

5.10కి షాలిని గది తలుపు చప్పుడైంది. బూట్లు వేసుకుంటూ, నావైపు చూడకుండా, "రా" అంది.

వ్యాయామశాలలో తిన్నగా పోయి గోడవైపు తిరిగి నిలబడింది. మోహనకృష్ణ ప్లేట్ల దగ్గరికి వెళ్ళబోయాడు.

"మావా, నువ్వు మోయి చాలు. ఏ జతో మామ్మ చూపిస్తాది. వేలుతో. నోటితో వద్దు. నాకు సెప్పొద్దు. ఎత్తినాకా సెప్పొద్దు, రేపూ సెప్పొద్దు."

"షాలినీ, నీకు రెండు జతల సంగతీ తెలుసు. తెలిశాక ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది?" అన్నాను.

"ఏ జతో తెలీదు కదా" అంది గోడతో. "నీకు అబద్ధమాడటం వచ్చు కదా మామ్మా. ఇయాల నాకు పనికొచ్చేలా ఆడు."

మోహనకృష్ణ గొంతులో నవ్వు వచ్చి ఆగింది.

నేను కుర్చీలోంచి లేచాను. ఆరేళ్ళలో ఆ అరుగు మీద కాలు పెట్టడం మొదటిసారి. మాస్టారు నిలబడేచోట నిలబడి చూస్తే, అక్కడి నుంచి పిల్ల వీపు కనిపిస్తుంది. నా కుర్చీ నుంచి అంకెలే కనిపించేవి. భుజాలు దిగి ఉన్నాయా, బిగిసి ఉన్నాయా, మడమలు నేలను పట్టుకున్నాయా అన్నది ఇక్కడి నుంచి తెలుస్తుంది. ఎడమ భుజం కొంచెం పైకి ఉంది. చూస్తూ ఉన్నాను. అది ఊపిరి వదిలింది. భుజం దిగింది. అప్పుడు వేలు చూపించాను.

మోహనకృష్ణ నన్ను ఒకసారి చూసి, ఆ జత ఎక్కించాడు.

షాలిని తిరిగింది. ప్లేట్లను చూడలేదు. వంగింది. రాడ్డు భుజాల మీదికి వచ్చింది. కాళ్ళు వణికాయి. లేచింది. ఒక ఊపిరి. తలమీదికి తోసింది. మోచేతులు బిగిశాయి. నేను మూడు లెక్కపెట్టాను. దింపింది. చెక్కలు మోగాయి.

అప్పుడు నా ముఖం చూసింది. చదవడానికే చూసింది. బోర్డు దగ్గర నిలబడి, జవాబు తప్పా ఒప్పా అని పిల్లలు నా ముఖంలో వెతికేటప్పుడు నేను పెట్టుకునే ముఖం ఒకటుంది. అది పెట్టుకున్నాను.

"పుస్తకంలో ఏటి రాత్తారు టీచరమ్మా?" అన్నాడు మోహనకృష్ణ.

"ఏమీ రాయను."

ఏ జతో నాకు తెలుసు. ఇక్కడ కూడా రాయను. ఈ పుస్తకం ఎప్పుడో షాలిని చదువుతుంది.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో అంది: "పోటీకి ఎల్తాను. ఆయన అన్నారని కాదు. నువ్వు అన్నావనీ కాదు. వచ్చే ఏడు కూడా ఎల్తాను. ఆయన చెప్పింది ఆగమని కదా, మానమని కాదు. ఈసారి ఏలు పట్టుకోకుండా ఎంతొస్తాదో సూసుకుంటాను."

"నూట ఇరవై రాకపోవచ్చు."

"నువ్వు ఏడవకుండా ఉండు సాలు."

నేను ఏడుస్తానని ఎవరన్నారు.

28 ఆగస్టు, శుక్రవారం

జరగవలసినవి:

1. రేపు ఉదయం ఏడు గంటల బస్సు. విజయనగరంలో మారాలి. షాలిని, మోహనకృష్ణ, నేను. మెర్సీ ఆదివారం ఉదయం నేరుగా వస్తుంది, కట్లు తెస్తుంది.

2. ఆదివారం ఎనిమిదింటికి ఒంటి బరువు చూస్తారు. ఈ ఉదయం 47.9. రేపు రాత్రి ఉప్పు తగ్గించాలి.

3. కార్డు మీద మొదటి ప్రయత్నాలు: స్నాచ్ 48, జర్క్ 62. నా పుస్తకం చెప్పేవి కావు. రెండో, మూడో ప్రయత్నాలు ముందుగా నిర్ణయించకూడదు. గోడ లేదు కనుక వీపు చూడాలి.

4. అక్కడ మైకులో బరువు చదువుతారు. చెవుల్లోకి దూది. మాస్టారు పోటీలకు తీసుకుపోయే డబ్బాలోదే, లక్ష్మీనరసమ్మ నిన్న సాయంత్రం పంపింది. మాట ఏమీ పంపలేదు. డబ్బా పంపింది.

5. తేలిక జత ఎవరూ పారేయకూడదు. మోహనకృష్ణకు అప్పగించాలి. అంకెలు చెరిపి మళ్ళీ వేయమని అడిగాడు. వేయను. పది అనే ఉండాలి.

6. ఆదివారం సాయంత్రాలు పిల్లలకు పుస్తకం నేనే చదవాలి. మోహనకృష్ణ చెప్పిన అంకె చెప్పినట్టు. కాటా అడగకూడదు.

7. ఎంత వచ్చినా, శ్రీకాకుళం నుంచి తిరిగొచ్చాక ముందు లక్ష్మీనరసమ్మ ఇంటికి వెళ్ళాలి. షాలిని చెబుతుంది. నేను గేటు దగ్గర ఉంటాను, రమ్మంటే లోపలికి.

8. పదకొండో పుస్తకం, జూలై 30 గడి ఖాళీగా ఉంది. నల్ల సిరాతో నింపాలి: "మాస్టారు ఆగుదామన్నారు. లెక్క ఆయనదే సరి." దిద్దకూడదు.